సేలం జైలు గోడ, మన మిల్లు గేటు



"ఖైదీలకు కూలి పెంచాలంట! గేటు బయట నిలబడిన బదిలీ కార్మికుడికే రోజు గడవడం లేదు, లోపల మూడు పూటలా కూర్చుని తినేవాడికి కూలి దేనికి?" ఈ మాట అంటున్నది యాజమాన్యం కాదు. మన క్యాంటీన్‌లో, మన బల్లల మీద కూర్చుని మన తోటివాళ్ళే అంటున్నారు. రెండో షిఫ్టు దిగి టీ తాగుతూ ఒకడంటే పదిమంది తల ఊపుతున్నారు. యాజమాన్యం అంటే వెంటనే ఖండించేవాళ్ళం. మనవాళ్ళే అనేసరికి ఊరుకుంటున్నాం. ఊరుకోవడం తప్పు. దీనికి జవాబు చెప్పాలంటే సేలం దాకా పోవాలి.

బేరిగై, బాగలూరు, సూళగిరి, హోసూరు ఇవన్నీ 1965 దాకా సేలం జిల్లా ఊళ్ళు. ఆ ఏడు ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి వేరుపడింది. కలెక్టరు ఆఫీసు మనకు దగ్గరికొచ్చింది గాని సెంట్రల్ జైలు మాత్రం దగ్గరికి రాలేదు. మన తాలూకాల నుంచి పెద్ద శిక్ష పడినవాడికీ, గూండా చట్టం కింద పట్టుకుపోయినవాడికీ దారి సేలం వైపే. వాళ్ళను చూడాలంటే పెండ్లాం బిడ్డలు ఒకరోజు కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని పోవాలి. ఆ ములాఖత్ దొరికేది కాసేపే.

సేలం అస్తంపట్టిలో ఉన్న ఆ సెంట్రల్ జైలు కట్టింది 1862లో. ఇండియన్ పీనల్ కోడ్ అమల్లోకి వచ్చిందీ 1862 జనవరి 1నే. శిక్షల పుస్తకమూ శిక్ష వేసే గోడా ఒక్క ఏడే వచ్చాయి. తెల్లవాడు ఏ పనికైనా లెక్క చూసుకుని దిగేవాడు. జైలు ఎలా నడపాలో చెప్పే చట్టం 1894లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల తరబడి ఈ దేశపు జైళ్ళు నడిచింది ఆ 1894 చట్టం మీదే. కేంద్రం 2023లో కొత్త నమూనా చట్టం ఒకటి తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. అంటే నూట ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత తెలివి వచ్చిందన్నమాట!

ఇక 1950 సంగతి. జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. పదహారు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 11న సేలం సెంట్రల్ జైల్లో కమ్యూనిస్టు ఖైదీల మీద కాల్పులు జరిగాయి. 22 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో 19 మంది మలబారువాళ్ళు. 1946లో కావుంబాయి, కరివెల్లూరు గ్రామాల్లో జమీందారీ ధాన్యం మీద రైతులు తిరగబడిన రోజుల నుంచి జైళ్ళ వెంట తిరుగుతున్న రైతులూ, రైతు సంఘాలవాళ్ళూ వాళ్ళు. కావుంబాయి రైతు తలియన్ రామన్ నంబియార్ వాళ్ళలో ఒకడు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు తమిళులు, ఆరుముగం, కావేరి ముదలి. ఒకడు ఆంధ్ర, షేక్ దావూద్. మలబారు, తమిళనాడు, ఆంధ్ర జిల్లాలు అప్పటికి ఒకే మద్రాసు రాష్ట్రం. మూడు భాషలవాళ్ళ నెత్తురు ఒకే గచ్చు మీద పారింది.

వాళ్ళు అడిగిందేమిటి? మమ్మల్ని రాజకీయ ఖైదీలుగా చూడండి, నేరం చేసి వచ్చినవాళ్ళలాగా జైలు చాకిరీకి తోలకండి అన్నారు. ఖైదీలు తిరగబడ్డారు, అందుకే కాల్చాం అన్నది అధికారుల వాదన. సరే, ఒప్పుకుందాం. చుట్టూ గోడ, గేటుకు తాళం, తాళం చెవి వార్డరు చేతిలో. తిరగబడ్డవాడు ఎక్కడికి పోతాడు? బయటికి దారే లేనివాళ్ళ మీద తుపాకి పేల్చి 22 మందిని పడేసి, దాన్ని ఆత్మరక్షణ అంటే నమ్మడానికి మనమేమైనా జైలు ఇన్స్పెక్టర్లమా?

ఇక్కడ తెలుగువాళ్ళం ఆలోచించాల్సింది ఒకటుంది. అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా. రాజపాళయం రాజుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. లోపల చనిపోయిన షేక్ దావూద్ ఆంధ్రవాడు. మన హోసూరు ప్రాంతంలో భాష పేరు చెప్పి ఓటు అడిగేవాళ్ళు ఎన్నికలకోసారి వస్తూనే ఉంటారు. మన భాషకు బడి కావాలి, పుస్తకం కావాలి, ఆ పోరాటం నిజమైనదే, దాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. కాని ముఖ్యమంత్రి ఇంటి భాష తెలుగైనందువల్ల దావూద్ మీదికి వచ్చే తుపాకి గుండు ఆగలేదు. పక్కన పడి ఉన్నవాడు మలయాళీ, ఆ పక్కవాడు తమిళుడు. వాళ్ళే అతనికి తోడు.

ఆ కాల్పుల తర్వాత ఏం జరిగింది? జరిగిందంతా జనం తెలుసుకోకూడదనుకున్నారు. బొంబాయి నుంచి రొమేష్ థాపర్ నడిపిన క్రాస్‌రోడ్స్ పత్రిక సేలం కాల్పుల మీద గట్టిగా రాసింది. 1950 మార్చి 1న మద్రాసు ప్రభుత్వం ఆ పత్రికను రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. థాపర్ సుప్రీంకోర్టుకు పోయాడు. మే 26న కోర్టు ఆ నిషేధం చెల్లదంది. పాలకులు ఊరుకున్నారా? 1951లో రాజ్యాంగాన్నే సవరించి, వాక్ స్వాతంత్ర్యానికి పెట్టే హద్దుల్లో శాంతిభద్రతల మాట కలిపారు. ఈ దేశ రాజ్యాంగానికి మొట్టమొదటి సవరణ వెనక ఉన్న కారణాల్లో ఒకటి సేలం జైలు. మన పిల్లల సాంఘిక శాస్త్రం పుస్తకంలో మొదటి సవరణ ఉంటుంది, సేలం ఉండదు.

అదే సంవత్సరం ఎ.కె. గోపాలన్ కేసు. ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం ఫిబ్రవరి 26న వచ్చింది, సేలం కాల్పులు జరిగి పదిహేను రోజులకు. విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టుకోవచ్చునా అని గోపాలన్ అడిగితే, మే 19న సుప్రీంకోర్టు చట్టంలో ఒక్క సెక్షను కొట్టేసి మిగతాదంతా సరే అంది. ఆ దారిలోనే 1982లో తమిళనాడు గూండా చట్టం వచ్చింది. దాని కింద విచారణ లేకుండా పన్నెండు నెలలు లోపల ఉంచవచ్చు. ఇలాంటి నిర్బంధాలు ఎక్కువగా చేసే రాష్ట్రాల్లో తమిళనాడు ముందు వరుసలో ఉంటూ వచ్చిందని కేంద్రం అచ్చువేసే లెక్కలే చెబుతాయి. గూండా అంటే ఎవరో అనుకోకండి. ఆ మాటకు అర్థం చెప్పేది సంతకం పెట్టే అధికారి.

ఇప్పుడు కూలి దగ్గరికి వద్దాం.

జైలు పని అంటే ఏమిటో మిల్లు కార్మికుడికి ఒక్క మనిషి కథ చాలు. వి.ఓ. చిదంబరం పిళ్ళె. తూత్తుకుడిలో తెల్లవాళ్ళ కోరల్ మిల్లులో 1908 ఫిబ్రవరి చివర కార్మికులు సమ్మె దిగారు. ఆ సమ్మె వెనక నిలబడి కూలి పెంపు, సెలవు, పని గంటల తగ్గింపు సాధించిపెట్టినవాడు ఆయన. సమ్మె గెలిచిన కొన్నాళ్ళకే, మార్చి 12న అరెస్టు చేశారు. రాజద్రోహమని యావజ్జీవ శిక్షలు వేశారు, అప్పీలులో తగ్గించారు. కోయంబత్తూరు సెంట్రల్ జైల్లో ఎద్దుకు బదులు ఆయన్ను గానుగకు కట్టి తిప్పించారు. ప్లీడరు చదివినవాడు, కప్పల కంపెనీ పెట్టినవాడు, మిల్లు కూలి కోసం నిలబడ్డందుకు కాడి మోశాడు. ఆ గానుగ చెన్నై గిండీలో గాంధీ మండపం దగ్గర ఉంది. పోయినవాళ్ళు చూసి దండం పెట్టి వస్తారు. ఆ గానుగ తిప్పిన మిగతా ఖైదీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

అక్కడే మన ఆలోచన ఒక మెట్టు ఎక్కాలి. దేశభక్తుడి చేత గానుగ తిప్పించడం అన్యాయం అంటాం. నిజమే. దొంగ చేత తిప్పిస్తే న్యాయమా? గానుగ బరువు ఇద్దరికీ ఒకటే కదా. సేలం అమరులు రాజకీయ ఖైదీ హోదా అడిగారు, ఆ రోజుల్లో అది అడగవలసిందే. ఈ రోజు మనం అడగవలసింది ఇంకా పెద్దది: ఎవరి చేతా ఎద్దు పని చేయించకూడదు, పని చేయిస్తే కూలి ఇవ్వాలి.

ఇప్పుడు గానుగ లేదు, మగ్గం ఉంది. కోయంబత్తూరు జైల్లో ఖైదీలు నేసిన బట్ట పోలీసుల ఖాకీ అయింది. వేలూరు జైల్లో కుట్టిన బూట్లు పోలీసుల కాళ్ళకు పోయాయి. నూలు, మగ్గం, పడుగు, పేక మనకు తెలిసిన పనులే. మనం షిఫ్టు లెక్కన చేసే పని ఆ గోడ లోపల ఇంకో కార్మికుడు చేస్తున్నాడు. అతనికి యూనియన్ లేదు, సమ్మె చేసే దారి లేదు. అలాంటివాడికి కూలి ఎంత తక్కువైతే మన కూలికి అంత ప్రమాదం అని అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

చట్టం ఏమంటుంది? 1982లో ఆసియా క్రీడల కట్టడం కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అంది. ఆ మాట పట్టుకుని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూల భాస్కర విజయకుమార్ కేసులో ఖైదీలకు కూడా కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. మన తెలుగు గడ్డ మీద వచ్చిన తీర్పు ఇది, గర్వంగా చెప్పుకోవాల్సింది. పదేళ్ళకు, 1998లో, గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు మెట్టు దిగింది. కఠిన శిక్ష పడినవాడి చేత పని చేయించడం వెట్టి కాదంది. కూలి మాత్రం న్యాయంగా ఇవ్వాలంది, కాని తిండీ బట్టా ఖర్చు తీసుకోవచ్చని సందు వదిలింది, అందులో కొంత బాధితులకు పోవాలంది. ఆ సందులోంచే తమిళనాడులో ఏళ్ళ తరబడి ఒక లెక్క నడిచింది. ఖైదీ కూలిలో సగం తిండీ బట్టలకు కోత, ఇంకో ఇరవై శాతం బాధితుల నిధికి, మిగిలిన ముప్పై ఖైదీ ఖాతాకు. నూరు రూపాయల పని చేసి ముప్పై రూపాయలు.

బాధితుల నిధి మంచిదే కదా అంటారు. దెబ్బ తిన్న కుటుంబానికి సాయం అందాలి, అందులో మాకు రెండో మాట లేదు. కాని ఆ బాధ్యత సర్కారుది. కనీస వేతనం కూడా లేని కూలిలోంచి చిల్లర ఏరి దానం చేసి, నేను న్యాయం చేశానంటే ఎలా? ఇక తిండి కోత సంగతి. పని చేయని ఖైదీకి కూడా సర్కారు తిండి పెట్టక తప్పదు. పని చేసినవాడే తన తిండికి డబ్బు కట్టాలా? జైల్లో ఉండమన్నది కోర్టు. తన ఇష్టం మీద వచ్చి లాడ్జిలో దిగాడా, బిల్లు వేయడానికి?

ఇప్పుడు ఆ క్యాంటీన్ మాటకు తిరిగి వద్దాం: తప్పు చేసినవాడికి ఇవన్నీ దేనికి? లోపల ఉన్నవాళ్ళంతా తప్పు చేసినవాళ్ళని ఎవరు తేల్చారు? 2022 చివరికి దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. మన సిప్‌కాట్‌లో పనికి వచ్చిన బీహారు, ఒడిశా కుర్రవాడిని ఏదో గొడవలో రిమాండుకు పంపితే, జామీను నిలబడేవాడు ఈ ఊళ్ళో ఎవడు? జామీను పత్రానికి ఇంటి పన్ను రసీదు ఎవడిస్తాడు? డబ్బున్నవాడు సాయంత్రానికి ఇంటికి పోతాడు, లేనివాడు వాయిదా వెంబడి వాయిదా తిరుగుతాడు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టం 479వ సెక్షను కింద, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణలోనే గడిపితే బాండు మీద వదలాలి. మరణశిక్షో యావజ్జీవమో పడే కేసులకూ, ఇంకా వేరే కేసులు ఉన్నవాడికీ ఇది వర్తించదు. దరఖాస్తు పెట్టవలసింది జైలు సూపరింటెండెంటే. మీ ఇంటి పక్కన ఎవరైనా లోపల ఉంటే ఈ సెక్షను నంబరు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి.

లోపల పని ఎవరికి ఏది ఇస్తారో అదీ వినండి. వంట ఒక కులానికి, పాకీ పని ఇంకో కులానికి అని జైలు మాన్యువళ్ళలోనే రాసి ఉండేది. తమిళనాడు పాళయంకోట్టై జైల్లో తేవర్లను, నాడార్లను, పళ్ళర్లను వేరువేరు భాగాల్లో ఉంచిన సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. సుకన్య శాంత అనే పత్రికా రచయిత్రి వేసిన కేసులో 2024 అక్టోబరు 3న కోర్టు ఈ కులం రూళ్ళను కొట్టేసింది. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఏడేళ్ళయ్యాక! ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన మనకు, సర్కారు గోడ లోపల సర్కారు పుస్తకం ప్రకారమే అదే పద్ధతి నడిచిందని తెలియలేదు.

జైళ్ళ చట్టం 45వ సెక్షను చదివి చూడండి. ఖైదీ చేయకూడని నేరాల జాబితా అది. కావాలని పనిలో సోమరితనం చూపడం, పనిని చెడగొట్టడం, లేని జబ్బు నటించడం. ఇప్పుడు మిల్లు నోటీసు బోర్డు మీద అంటించిన స్టాండింగ్ ఆర్డర్లలో దుష్ప్రవర్తన జాబితా చదవండి. అన్నదమ్ములు కారా ఈ రెండూ? జైలు వార్డరూ మిల్లు మేస్త్రీ ఒకే గురువు దగ్గర అక్షరాలు దిద్దినట్టు లేదా?

ఒక్క తేడా మాత్రం ఉంది. అదే చట్టం 35వ సెక్షను ప్రకారం, పని శిక్ష పడిన ఖైదీ చేత అత్యవసరం ఉంటే తప్ప రోజుకు తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు. తెల్లవాడు 1894లో జైలు ఖైదీకి రాసిన హద్దు అది. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ ఫ్యాక్టరీలలో పన్నెండు గంటల పనికి దారి తీసే బిల్లు పాస్ చేసింది. స్వేచ్ఛగా తిరిగే కార్మికుడికి పన్నెండు, కాళ్ళకు సంకెళ్ళు ఉన్న కాలపు ఖైదీకి తొమ్మిది! అన్ని యూనియన్లు కలిసి గొంతెత్తితే మే 1న ఆ బిల్లు వెనక్కి తీసుకుంటున్నామని ముఖ్యమంత్రి చెప్పవలసి వచ్చింది. ఆ ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్. ఎమర్జెన్సీలో మీసా కింద మద్రాసు సెంట్రల్ జైల్లో దెబ్బలు తిన్నవాడు. ఆ దెబ్బల్లోనే ఆయన పక్కనున్న చిట్టిబాబు 1977లో ప్రాణం పోగొట్టుకున్నాడు. జైలు చూసి వచ్చిన పాలకుడికి కూడా కార్మికుడు గుర్తు చేస్తే తప్ప గుర్తు రాదు. మినహాయింపులు లేకపోలేదు. వి.ఆర్. కృష్ణయ్యర్ కమ్యూనిస్టుల తరఫున వాదించినందుకు 1948లో నెల రోజులు జైలు చూశాడు. 1957లో కేరళ మంత్రి అయ్యాడు, 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఖైదీ కాళ్ళ సంకెళ్ళ మీద, ఒంటరి కొట్టు మీద రాశాడు. కాని ఒక్క న్యాయమూర్తి మీద ఆశ పెట్టుకుని కార్మికవర్గం కూర్చోలేదు.

జైలు పద్ధతి జైల్లోనే ఉంటుందనుకునేవాళ్ళకు ఒక్క ప్రశ్న. ధర్మపురి, కృష్ణగిరి పల్లెల నుంచి ఆడపిల్లలను సుమంగళి పథకం పేరిట కోయంబత్తూరు, ఈరోడు, దిండిగల్ వైపు స్పిన్నింగ్ మిల్లులకు తీసుకుపోయిన సంగతి మరిచారా? మూడేళ్ళు హాస్టల్లో ఉండాలి, చివర్లో పెండ్లికి ఒక మొత్తం ఇస్తామన్నారు. గేటు దాటాలంటే వార్డెను అనుమతి, ఇంటికి ఫోను చేయాలంటే పక్కన ఎవరో ఒకరు, జీతంలో తిండికి కోత. మధ్యలో జబ్బు చేసి వచ్చేస్తే ఆ మొత్తం గోవిందా. ఇది ఏ సెక్షను కింద పడిన శిక్ష? ఆ పిల్లలు చేసిన నేరమేమిటి, పేదింట్లో పుట్టడమా? ఖైదీ కూలిలో తిండి కోత సరైనదేనని క్యాంటీన్‌లో తల ఊపినవాడు, తన చెల్లెలి జీతంలో అదే కోత వేస్తే ఏ నోటితో కాదంటాడు?

కనుక మన జనరల్ బాడీ ముందు ఈ తీర్మానం పెడుతున్నాం. సేలం కాల్పుల మీద సర్కారు దగ్గర ఉన్న కాగితాలన్నీ తమిళం, మలయాళం, తెలుగులో జనం ముందుకు రావాలి. జైలు గోడ మీద 22 మంది పేర్లూ చెక్కాలి. ఖైదీకి కనీస వేతనం ఇవ్వాలి, తిండి పేరిట కోత ఆపాలి. కులం రూళ్ళ మీద 2024 తీర్పు ప్రతి సెంట్రల్ జైల్లోనూ, ప్రతి సబ్ జైల్లోనూ అమలవుతున్నదో లేదో చూసే కమిటీలో కార్మిక సంఘాలకు చోటు ఉండాలి. ఫిబ్రవరి 11న షిఫ్టు మార్పు వేళ గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడదాం. సూపర్వైజరు అడిగితే షేక్ దావూద్ పేరు చెప్పండి.

ఇంకొక పని. హాస్టల్లో ఉండే చెల్లెళ్ళూ, వాళ్ళ తల్లిదండ్రులూ పోయిన మూడు నెలల పే స్లిప్పులు తీసి చూడండి. తిండికి ఎంత, గదికి ఎంత, వేరే పేరు పెట్టి ఎంత కోశారో పక్కన పెన్సిలుతో రాసి, ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసుకు పట్టుకురండి. స్లిప్పు ఇవ్వకపోతే ఇవ్వలేదనే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి తెండి.